ఆకు రాలే కాలంలో పుట్టిన ఉడుతల పుస్తకం



శరత్కాలం అనగానే మనకేం గుర్తొస్తుంది చెప్పండి? దసరా బొమ్మలకొలువు, ఏటి ఒడ్డున తెల్లగా పూసిన రెల్లు, వాన కడిగేసిన ఆకాశం, ఆ వెనకే కార్తీక దీపాలు. మన వైపు చెట్లు ఆకులు రాల్చేది శిశిరంలో. వాకిట్లో ఎంత ఊడ్చినా వేపాకు, రావాకు రాలుతూనే ఉంటాయని మనం విసుక్కునేది మాఘ ఫాల్గుణాల్లోనే. ఇంగ్లండులో సంగతి వేరు. అక్కడ శరత్తంటేనే ఆకు రాలే కాలం. సెప్టెంబరు చివరికి పగలు కురచనవుతుంది. ఎండ చాలనప్పుడు ఆకుల్ని మేపడం దండగని చెట్టుకు తెలుసు. ఆకుల్లోని పచ్చదనాన్ని విడగొట్టి, పనికొచ్చే సారాన్నంతా కొమ్మల్లోకీ కాండంలోకీ లాగేసుకుంటుంది. ఆకుపచ్చ పోయేసరికి, అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్ల ఆకులు రాలబోయే ముందు ఎర్రబడతాయి కూడా. అడవంతా పసుపూ కుంకుమా చల్లినట్టుంటుందట. మన ఉగాదికి ఎంత సందడో, అక్కడి పిల్లలకి ఈ రాలు కాలానికి అంత సందడి. నేలంతా కాయలు, గింజలు, పుట్టగొడుగులు, రంగురంగుల ఆకులు. ఏరుకున్నవాళ్ళకి ఏరుకున్నంత.

ఆ కాలాన్ని పిల్లల కళ్ళకు కట్టిన ఒక చిన్న బొమ్మల పుస్తకం గురించీ, దాన్ని వ్రాసి బొమ్మలు వేసిన ఆవిడ గురించీ ఇవాళ మీతో మాట్లాడాలని. పుస్తకం పేరు ‘నట్కిన్ ఉడుత కథ’. 1903 ఆగస్టులో లండనులో అచ్చయింది. వ్రాసినావిడ బీట్రిక్స్ పాటర్. కుందేలు పిల్ల పీటర్ కథ వ్రాసిన పాటరమ్మే. కాన్వెంట్లలో చదివే పిల్లలున్న ఇళ్ళలో ఆ కుందేలు తెలియనివాళ్ళుండరు. కాని నాకు మటుకు కుందేలు కంటే ఈ ఉడుతే ఎక్కువ ఇష్టం. ఎందుకో చెప్తాను.

ముందు కథ. రేడియోలో బొమ్మలు చూపించే వీల్లేదు కనుక మాటల్లోనే చూసుకోండి. ఒక సరస్సు. ఒడ్డున అడవి. ఆ అడవిలో నట్కిన్ అనే ఉడుత, వాడి అన్నదమ్ముడు ట్వింకిల్‌బెరీ, బోలెడంతమంది పెత్తల్లి పినతల్లి బిడ్డలు. సరస్సు మధ్య ఒక లంక. లంక నిండా హేజెల్ కాయల పొదలు. కాయలు పండి, ఆకులు పసుపు తిరిగే వేళకి ఉడుతలన్నీ పుల్లలతో చిన్న చిన్న తెప్పలు కట్టుకుని, తోకలు తెరచాపల్లా ఎత్తి, లంకకు చేరుకుంటాయి. అయితే లంకకి ఒక యజమాని ఉన్నాడు. తొర్రపడిన ఓక్ చెట్టులో కాపురమున్న ముసలి బ్రౌన్ అనే గుడ్లగూబ. ఆయన సెలవిస్తేనే కాయలు కోసుకోవాలి. అందుకని రోజూ ఒక కానుక పట్టుకెళ్తాయి. మొదటి రోజు మూడు ఎలుకలు, రెండో రోజు నేల తవ్వుకుని బతికే ఒక బొరియ జంతువు, మూడో రోజు ఏడు చిన్న చేపలు, తరువాత ఆరు పేడపురుగుల్లాంటి పురుగులు, ఆ పైన అడవి తేనె, ఆరో రోజు అప్పుడే పెట్టిన గుడ్డు. పెద్దవాళ్ళింటికి వెళ్ళేటప్పుడు వట్టి చేతుల్తో వెళ్ళకూడదని వాటికీ తెలుసు చూశారా. పురుగుల్ని ఒక్కొక్కదాన్నీ ఆకులో చుట్టి, పైన్ చెట్టు సూది ఆకుతో కుట్టి మరీ తెస్తాయి. మనం విస్తరి కుట్టినట్టు!

అన్నీ బుద్ధిగా కాయలేరుకుంటుంటే నట్కిన్ ఒక్కడే పని మానేసి ముసలాయన ముందు గెంతుతూ పొడుపు కథలు విప్పమని వేళాకోళం చేస్తాడు. ఆయన కళ్ళు మూసుకుని పలక్కుండా ఊరుకుంటాడు. ఒక రోజు, రెండు రోజులు, అయిదు రోజులు. ఆరో రోజున నట్కిన్ ఏకంగా ఆయన నెత్తి మీదికి దూకుతాడు. అంతే. రెక్కల టపటప, కీచుమని ఒక కేక. ఉడుతలు పొదల్లోకి పారిపోయి, కాసేపటికి తొంగి చూస్తే ముసలి బ్రౌన్ ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చునున్నాడు. నట్కిన్ మటుకు ఆయన కోటు జేబులో ఉన్నాడు. తోలు ఒలుద్దామని తోక పట్టి లోపలికి తీసుకెళ్తే, వాడు గింజుకుని, తోక రెండు ముక్కలై, కిటికీలోంచి పడి బతికిపోతాడు. ఆనాటి నుంచి వాడిని పొడుపు కథ అడిగితే చెట్టు మీంచి పుల్లలు విసురుతూ, కాళ్ళు నేలకేసి కొడుతూ తిట్టిపోస్తాడట.

పసిపిల్లల కథలో తోక తెగడమేమిటి, తోలు ఒలవడమేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. గుడ్లగూబ ఎలకల్నీ ఉడుత పిల్లల్నీ తింటుంది. ఆ మాట దాచి, దాన్ని పిల్లలకి ముద్దులొలికే తాతగా చూపిస్తే అది అబద్ధమవుతుంది. ఉడుత కోపం వస్తే నిజంగానే చెట్టు మీద కాళ్ళు తపతప కొట్టి అరుస్తుంది. మన పెరటి ఉడుత పిల్లిని చూసి తోక ఊపుతూ ఎలా గోల చేస్తుందో మీకు తెలియనిదా! ఆవిడ వేసిన జంతువులకు కోటు తొడిగినా, కోటు లోపల ఉన్నది నిజమైన జంతువే.

ఇంకో సంగతి చూడండి. అల్లరి నట్కిన్ పని మానేసి ఆడుకునే వస్తువులేమిటి? ఓక్ చెట్టుకు పుట్టే ఎర్రటి, పసుపు పచ్చటి గుండ్రని కాయలతో గోళీలాడతాడు. అడవి గులాబి కొమ్మకు పుట్టిన ఎర్రటి పీచు ఉండకి పైన్ సూదులు గుచ్చి గుండుసూదుల దిండు చేసుకుంటాడు. పైన్ కాయల్ని వరసగా నిలబెట్టి, పుల్ల ఆపిలు దొర్లించి పడగొడతాడు. అన్నీ ఆ ఋతువులో, ఆ అడవిలో, నేల మీద దొరికేవే. ఆ గోళీలు, ఆ పీచు ఉండ నిజానికి చెట్టు కాసిన కాయలు కావు. ఒక జాతి చిన్న కందిరీగ చెట్టు మొగ్గలోనో, ఆకులోనో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు చుట్టూ చెట్టు కండ పెంచుతుంది. అదే ఆ బుడిపె. మనకు తెలియని వస్తువనుకోకండి. పసిపిల్లలకి సానరాయి మీద అరగదీసి నాకించే మూలికల్లో మాచికాయ ఉంటుందే, అది కూడా ఇలాంటిదే. పశ్చిమాసియాలో పెరిగే ఒక ఓక్ చెట్టుకు కందిరీగ వల్ల పుట్టిన బుడిపె అది. పేరుకి కాయ గాని, లోపల పురుగు పెరిగిన ఇల్లు. ఇంతకాలం పచారీ కొట్లో కొనుక్కుంటూ వచ్చాం, ఎప్పుడైనా దాన్ని పగలగొట్టి చూశామా?

పాటరమ్మ చూసింది. అదీ ఆవిడ కథ.

బీట్రిక్స్ 1866 జూలై 28న లండనులో బాగా కలిగిన ఇంట్లో పుట్టింది. ఆ డబ్బు ఎక్కడిదంటే బట్టల మీద వచ్చిందే. తాతగారు ఎడ్మండ్ పాటర్‌కి మాంచెస్టరు దగ్గర గ్లాసప్‌లో బట్టల అద్దకం మిల్లు ఉండేది. అంతకు ముందు మన బందరు అద్దకాల కోసం ఐరోపా దొరసానులు ఎగబడితే, తరువాత అలాంటి పూల గుడ్డల్ని వాళ్ళే యంత్రాల మీద గుట్టలుగా అచ్చేసి మనకే అమ్మేరు కదా, ఆ వ్యాపారమన్నమాట. తండ్రి బారిస్టరు చదివినా సంపాదించవలసిన అవసరం లేదు. తమ్ముడు బెర్ట్రామ్‌ని బడికి పంపించేరు. అమ్మాయిని పంపలేదు. ఇంట్లో పంతులమ్మలే. మూడో అంతస్తులో పిల్లల గది, అదే లోకం.

ఆ గదిలో ఏముండేవో వింటే ఆశ్చర్యపోతారు. కుందేళ్ళు, చిట్టెలుకలు, కప్పలు, బల్లులు, గబ్బిలం, ముళ్ళపంది. ఏదైనా చచ్చిపోతే అక్కా తమ్ముడూ దాన్ని ఉడకబెట్టి, ఎముకలు విడదీసి, బొమ్మ గీసుకునేవారు. మన ఇళ్ళల్లో అయితే గిన్నె బయట పారేసి, పిల్లకి తలంటి పోసేవాళ్ళం! పదిహేనేళ్ళ ప్రాయం నుంచి ముప్పై ఏళ్ళ దాకా ఆవిడ డైరీ వ్రాసుకుంది. అదీ తను కల్పించుకున్న రహస్య లిపిలో. ఆవిడ పోయిన తరువాత ఎవరూ చదవలేకపోయారు. 1958లో లెస్లీ లిండర్ అనే ఆయన ఏళ్ళ తరబడి తంటాలుపడి ఆ లిపి విప్పేడు. 1966లో అది అచ్చయింది. ఇంట్లో అంతమంది ఉండి, మనసులో మాట చెప్పుకోవడానికి ఒక లిపినే కనిపెట్టుకోవలసి వచ్చిందంటే ఆ పిల్ల ఎంత ఒంటరిదో మీరే ఊహించుకోండి.

ఏటా వేసవికి కుటుంబమంతా స్కాట్లండులోనో, ఇంగ్లండు వాయవ్యాన ఉన్న సరస్సుల సీమలోనో పెద్ద బంగళా అద్దెకు తీసుకుని మూడేసి నెలలుండేవారు. తిరుగు ప్రయాణమయ్యేసరికి ఆకు రాలే కాలం వచ్చేది. అదే పుట్టగొడుగులు మొలిచే కాలం. ఆకు కుళ్ళిన నేలలో, పడిపోయిన మానుల మీద రకరకాల రంగుల్లో, ఆకారాల్లో మొలుస్తాయి. బీట్రిక్స్ వాటిని కోసుకొచ్చి, నిలువునా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, రంగుల్లో చిత్రించడం మొదలుపెట్టింది. స్కాట్లండు డంకెల్డ్ ప్రాంతంలో చార్లెస్ మెకింటోష్ అని ఒక తపాలా బంట్రోతు ఉండేవాడు. కోత మిల్లు ప్రమాదంలో చేతి వేళ్ళు పోగొట్టుకున్న మనిషి. రోజూ మైళ్ళకొద్దీ నడిచి ఉత్తరాలు పంచుతూ దారిలో కనిపించిన ప్రతి నాచునీ పుట్టగొడుగునీ గుర్తుపట్టేవాడు. 1892 అక్టోబరులో ఆవిడకి అతనితో పరిచయమైంది. ఆ చలికాలమంతా అతను కొత్త కొత్త పుట్టగొడుగులు లండనుకు తపాలాలో పంపడం, ఆవిడ బొమ్మలు వేసి తిరిగి పంపడం. ఆ ఇంట్లో ఎందరు పెద్దవాళ్ళు వచ్చిపోయారో గాని, ఆవిడకి గురువు దొరికింది ఉత్తరాలబ్బాయిలో.

చూసి గీయడంతో ఆవిడ ఆగలేదు. పుట్టగొడుగుకు విత్తనమేమిటి? గొడుగు కింద పొడిలా రాలే సూక్ష్మ బీజాలుంటాయి. అవి ఎలా మొలకెత్తుతాయో చూడాలని ఇంట్లో గాజు పలకల మీద వాటిని మొలిపించి, గంటల తరబడి కాపు కాసి బొమ్మలు గీసింది. మేనత్త భర్త సర్ హెన్రీ రాస్కో పెద్ద రసాయన శాస్త్రవేత్త. ఆయన వెంటబెట్టుకుని లండనులోని క్యూ ఉద్యానవనానికి తీసుకెళ్ళేడు. అక్కడి డైరెక్టరుగారు ఆవిడ బొమ్మలకు పెద్ద విలువివ్వలేదు. అయినా పట్టు వదలక ఒక పరిశోధన వ్యాసం తయారుచేసింది. 1897 ఏప్రిల్ 1న అది లండనులోని లినేయన్ సొసైటీలో సమర్పించబడింది. సమర్పించింది ఆవిడ కాదు సుమండీ! ఆ సభకు ఆడవాళ్ళు వెళ్ళకూడదు. క్యూ ఉద్యోగి జార్జి మాసీ ఆవిడ తరపున సమర్పించేడు. ఇంకా పని జరగాలన్నారు. ఆవిడ వ్యాసం వెనక్కి తీసేసుకుంది. అది అచ్చు కాలేదు. వ్రాతప్రతి కూడా ఇప్పుడు లేదు. ఆ సంఘంలో ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకున్నది 1905లో. వందేళ్ళ తరువాత, 1997లో, ఆ సొసైటీవారే ఆవిడ పట్ల సరిగా నడుచుకోలేదని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే ఏం లాభం, వినవలసిన మనిషి పోయి యాభై ఏళ్ళు దాటాక?

ఆ బొమ్మలు మటుకు వృథా పోలేదు. ఆవిడ వాటిని ఆంబిల్‌సైడ్ అనే ఊళ్ళో ఉన్న ఆర్మిట్ గ్రంథాలయానికి ఇచ్చేసింది. 1967లో డబ్ల్యు.పి.కె. ఫిండ్లే అనే శాస్త్రవేత్త ఇంగ్లండు పుట్టగొడుగుల మీద పుస్తకం వేస్తూ ఆవిడ బొమ్మల్లో 59 ఏరి అందులో చేర్చేడు. గీసిన డెబ్బై ఏళ్ళకి కూడా వాటిని చూసి పుట్టగొడుగును పోల్చుకోవచ్చన్నమాట.

ఇక పుస్తకాల సంగతి. ఆవిడ దగ్గర పనిచేసి వెళ్ళిన పంతులమ్మ ఆనీ, పెళ్ళి చేసుకుని మూర్ గారి ఇల్లాలైంది. బీట్రిక్స్ కంటే మూడేళ్ళే పెద్ద. ఆ ఇంటి పిల్లలంటే బీట్రిక్స్‌కి ప్రాణం. పెద్దవాడు నోయెల్ జబ్బుపడి మంచం మీదుంటే, 1893 సెప్టెంబరు 4న స్కాట్లండు నుంచి వాడికో ఉత్తరం వ్రాసింది. వ్రాయడానికి కబుర్లేమీ లేవు కనుక నాలుగు కుందేలు పిల్లల కథ చెప్తానంటూ బొమ్మలతో నింపేసింది. మర్నాడు వాడి తమ్ముడికి కప్ప కథ. ఒకళ్ళకి వ్రాసి ఇంకొకళ్ళకి వ్రాయకపోతే ఇంట్లో ఎంత రభస అవుతుందో ఆవిడకి పిల్లలు లేకపోయినా తెలుసు! ఏడేళ్ళు గడిచాక ఆనీయే అంది, వీటిని పుస్తకాలుగా వెయ్యకూడదా అని. పిల్లలు ఉత్తరాలు భద్రంగా దాచుకున్నారు కనుక సరిపోయింది. ప్రచురణకర్తలు మటుకు ఒకరి తరువాత ఒకరు తిప్పి పంపేరు. దాంతో ఆవిడ తన డబ్బు పెట్టి 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చేయించుకుంది. అవి చెల్లిపోతే ఇంకో 200. అప్పుడు ఫ్రెడరిక్ వార్న్ కంపెనీవారు దిగి వచ్చి, బొమ్మలన్నీ రంగుల్లో వేస్తే వేస్తామన్నారు. 1902 అక్టోబరులో ‘పీటర్ కుందేలు కథ’ వచ్చింది. ఆ ఏడాది ముగిసేసరికి 28,000 ప్రతులు అచ్చయ్యాయి. పుస్తకం చిన్న పిల్ల చేతిలో ఇమడాలి, పేద పిల్ల కూడా కొనుక్కునేట్టు ఉండాలి, ఇవి ఆవిడ పట్టుదలలు. వెల ఒక షిల్లింగు.

మరుసటి ఏడాదే మన నట్కిన్. దీని పుట్టుకా ఉత్తరంలోనే. 1901 సెప్టెంబరు 25న మూర్ గారి అమ్మాయి నోరాకు వ్రాసింది. అప్పుడు పాటర్ కుటుంబం సరస్సుల సీమలో, డెర్వెంట్ వాటర్ అనే సరస్సు ఒడ్డున లింగ్‌హోమ్ అనే బంగళాలో దిగి ఉన్నారు. సరస్సు మధ్య సెయింట్ హెర్బర్ట్ ద్వీపం. కాయలు పండే రోజులకి ఉడుతలు నీళ్ళు దాటి లంకకు వస్తాయని అక్కడివాళ్ళ మాట. నీళ్ళెలా దాటుతాయి చెప్మా, తెప్పలు కట్టుకుంటాయేమో అని ఆవిడ సరదాగా ఆలోచించి, ఉత్తరం పొడుగునా తెప్పల మీద ఉడుతల్ని గీసింది. ఆ సరస్సు, ఆ కొండలు, ఆ లంక, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పుస్తకంలోకి వచ్చేశాయి. ఇవాళ కూడా ఆ ఒడ్డున నిలబడి పుస్తకం తెరిస్తే ఫలానా బొమ్మ ఇక్కడ వేసిందని పోల్చుకోవచ్చునంటారు. ఉడుతల్ని దగ్గరుండి చూడాలని రెండింటిని కొనుక్కొచ్చింది. అవి తెగ కొట్టుకుంటుంటే, అందమైనదే పోకిరిది కావడంతో, దాన్ని వదిలించుకోక తప్పలేదట. గుడ్లగూబ కోసం లండను జూకి వెళ్ళింది.

ఇదిగో, నేను ఆలోచించేది ఇక్కడే. 1897లో ఆవిడ బొమ్మల్ని శాస్త్రం కాదన్నవాళ్ళున్నారు. ఆరేళ్ళ తరువాత అదే చెయ్యి, అదే కన్ను, అదే ఓపిక పిల్లల పుస్తకంలోకి దిగింది. అడవి గులాబికి పుట్టిన పీచు ఉండని అంత సరిగ్గా గుర్తుంచుకుని, అల్లరి ఉడుత చేతికి ఆటవస్తువుగా ఇవ్వడం వట్టి కథలల్లేవాళ్ళకి వచ్చే పని కాదు. పుట్టగొడుగుల్ని నిలువునా కోసి చూసిన మనిషికే వస్తుంది. సభలో తలుపు వేసేసినా ఆవిడ చదువు పిల్లల గదిలోంచి బయటికి వచ్చింది. ఇది నా ఊహ అని ఎవరైనా అనొచ్చు. అననివ్వండి. పుస్తకం నా పక్షాన సాక్ష్యం చెప్తుంది.

పుస్తకాల వల్ల ఆవిడకు ఇంకొకటి వచ్చింది. డబ్బు. తన సొంత డబ్బు. నలభై ఏళ్ళు వస్తున్నా తల్లిదండ్రుల ఇంట్లో, వాళ్ళ చెప్పుచేతల్లో ఉన్న ఆడదానికి అదెంత పెద్ద మాటో వేరే చెప్పాలా? 1905 జూలైలో, ఆవిడ పుస్తకాలు చూసే నార్మన్ వార్న్ పెళ్ళి చేసుకుందామని ఉత్తరం వ్రాసేడు. ఆవిడకి ముప్పై తొమ్మిది నిండబోతున్నాయి. అమ్మా నాన్నా ఒప్పుకోలేదు. కారణమేమిటో తెలుసా? అతను వ్యాపారస్థుడట! తాతగారి మిల్లు గుడ్డలమ్మి పోగేసిన డబ్బు మీద కూర్చుని ఆ మాట అన్నారు. ఏ దేశమైనా పెద్దింటి డాంబికం ఒక్కలాగే ఏడుస్తుంది. ఆవిడ మటుకు ఉంగరం తొడుక్కుంది. ఒక్క నెల. ఆగస్టు 25న నార్మన్ రక్తానికి సంబంధించిన జబ్బుతో చనిపోయాడు. ముప్పై ఏడేళ్ళు.

ఆ శరత్తులోనే ఆవిడ సరస్సుల సీమలో నియర్ సోరీ అనే పల్లెలో హిల్ టాప్ అనే 34 ఎకరాల వ్యవసాయ క్షేత్రం కొనుక్కుంది. పుస్తకాల డబ్బూ, ఒక బంధువురాలు వ్రాసిచ్చిన సొమ్మూ కలిపి. తరువాత ఇంకొకటి, ఇంకొకటి. ఆ కొనుగోళ్ళు చూసిపెట్టిన ఊరి లాయరు విలియం హీలిస్‌ను 1913 అక్టోబరు 15న, నలభై ఏడేళ్ళ వయసులో, పెళ్ళి చేసుకుంది. ఈసారి కూడా ఇంట్లో మొదట వద్దనే అన్నారు. చెక్క చెప్పులేసుకుని, గొర్రెల మందల వెంట తిరుగుతూ, సంతల్లో బేరాలాడుతూ ముప్పై ఏళ్ళు బతికింది. ఆ కొండలకే పుట్టిన హెర్డ్‌విక్ జాతి గొర్రెలంటే ఆవిడకి తగని మక్కువ. బొమ్మల పుస్తకాలు క్రమంగా తగ్గిపోయాయి. చూపు మందగించిందని కొందరంటారు. మందగించిన మాట నిజమే. కాని నా ఉద్దేశంలో, బొమ్మలో గీసుకున్న కొండలు కాళ్ళ కిందికి వచ్చాక గీయవలసిన అవసరం తగ్గిపోయింది.

1943 డిసెంబరు 22న ఆవిడ కన్నుమూసేటప్పటికి పోగైన భూమి 4,000 ఎకరాల పైచిలుకు, 14 వ్యవసాయ క్షేత్రాలు. అంతా నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వ్రాసిచ్చింది. 1895లో ఆ సంస్థను నెలకొల్పిన ముగ్గురిలో ఒకరైన పాదిరి హార్డ్‌విక్ రాన్స్లీ ఆవిడకు పదహారో ఏట నుంచీ ఎరుక. బంగళాలవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ ముక్కలు ముక్కలుగా కొనేయకుండా ఆ కొండల వాలులు మిగలడంలో ఆవిడ చెయ్యి ఉంది. 2017లో యునెస్కోవారు ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చేరు.

మరి ఉడుతలో? నట్కిన్ ఎర్ర ఉడుత. మన ఉడుత కంటే పెద్దది, ఇటుక రంగు ఒళ్ళు, చలికాలానికి చెవుల మీద కుచ్చులు, ఒంటితో సమానంగా ఉండే గుబురు తోక. వీపు మీద చారలుండవు. మన పిల్లలు బొమ్మ చూడగానే అడిగే మొదటి ప్రశ్న అదే, రాముడు దీన్ని నిమరలేదా అని. 1876లో ఇంగ్లండులో ఒక ధనికుడు అమెరికా బూడిద రంగు ఉడుతల్ని తెచ్చి తన తోటలో వదిలేడు. చూడ్డానికి బాగుంటాయని. తరువాత మరికొందరు దొరలు అలాగే వదిలేరు. అవి బలమైనవి, పచ్చి కాయలు కూడా అరిగించుకుంటాయి, పైగా తమకేమీ కాకుండానే ఎర్ర ఉడుతల్ని చంపే మశూచి వంటి జబ్బును మోసుకు తిరుగుతాయి. ఇప్పుడు ఇంగ్లండులో చాలా చోట్ల బూడిద ఉడుతే కనిపిస్తుంది. ఎర్రవి ఎక్కువగా స్కాట్లండులో మిగిలాయి. ఇంగ్లండులో ఉత్తరపు కొసన, కొన్ని దీవుల్లో ఉన్నాయి. నట్కిన్ పుట్టిన సరస్సుల సీమలో ఊళ్ళవాళ్ళే జట్లుగా ఏర్పడి వాటిని కాచుకుంటున్నారు. 1903లో ఆవిడ గీసినప్పుడు అది ఏ అడవిలోనైనా కనిపించే మామూలు ఉడుత. ఇవాళ ఆ పుస్తకం చదివే ఇంగ్లీషు పిల్లల్లో చాలామంది దాన్ని బొమ్మలోనే చూస్తున్నారు.

బూడిద ఉడుతల్నీ ఆవిడ వదల్లేదు లెండి. అమెరికా పిల్లలు మెచ్చుతారని 1911లో వాటి మీద ఒక కథ వేసింది. అది నాకంత రుచించలేదు. తను తిరిగిన అడవి కాదు కదా.

చివరగా ఒక మాట. ఈ కథ పిల్లలకి చెప్పాలనుకుంటే పుస్తకం లేకపోయినా ఫరవాలేదు. నట్కిన్ అడిగే పొడుపు కథలు ఇంగ్లండులో అమ్మమ్మలు చెప్పుకునే పాతవే. వాటి జవాబులు చెర్రీ పండు, తేనెటీగలు, గుడ్డు, ఎండ కిరణం, గాలి, ఇలాంటివి. ఆవిడ చేసిన తమాషా ఏమిటంటే, జవాబు పిల్లలకి నేరుగా చెప్పకుండా కథలోనే అక్కడక్కడ దాచింది. గుడ్డు కానుక తెచ్చిన రోజున నట్కిన్ అడిగేది గుడ్డు పొడుపు కథే. తేనె తెచ్చిన రోజున తేనెటీగలు. మీరు ఆ చోట్ల మన పొడుపు కథలు పెట్టుకోండి. రోజుకొకటి చొప్పున ఆరు రాత్రులకు సరిపోతుంది. ఆరో రాత్రి తోక తెగే ఘట్టం దగ్గర మటుకు పిల్లల్ని దగ్గరగా కూర్చోబెట్టుకోండి.